మోరీ కింద వైరు

బెంగళూరు,
ఆదివారం.

అన్నకు,

నీ చెల్లెలు నాగలక్ష్మి దండం పెట్టి రాస్తున్నది. నువ్వు, వదిన, అమ్మ అందరూ బాగున్నారనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ళకు నంద్యాల డాక్టరు రాసిచ్చిన మాత్రలు తెచ్చావా? అయిపోయేదాకా ఆగొద్దు, ముందే తెచ్చి పెట్టు. వదినకు నూనె పడి కాలిన చెయ్యి మానిందా? నేను ఒంట్లో బాగానే ఉన్నాను. జ్వరం లేదు, దగ్గు లేదు. ఇది ముందే రాస్తున్నాను, ఎందుకంటే కింద రాసేది చదివితే నీకు దిగులు పుడుతుంది. దిగులు పడొద్దు. నేను బాగానే ఉన్నాను.

ఇక్కడ పది రోజుల నుంచి తుంపర ఆగలేదు. ఉతికిన బట్టలు ఆరవు. హాస్టల్లో సాంబారులో బెల్లం వేస్తారు, చెప్పినా వినరు. వదిన పంపిన చెనిక్కాయల పొడితోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను, అదీ సీసా అడుక్కు వచ్చింది. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకొంచెం పంపించు. రోజంతా ఎంతోమందితో మాట్లాడతాను కానీ నన్ను 'పాపా' అని పిలిచేవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరు కూడా లేరు.

అన్నా, మొన్న ఫోన్లో నీతో అబద్ధం చెప్పాను. నాకు ఏ కలా రాలేదు. ఆ కల మాట నమ్మి నువ్వు వదినకు చెప్పావు, వదిన నాకు ఫోన్ చేసి, "దిష్టి తీపిచ్చుకో పాపా, ఉప్పు మిరపకాయలు దిప్పి పొయ్యిలో ఎయ్యి" అంది. ఆమె అంత ఆదుర్దాగా చెప్తుంటే నేను సరే వదినా అని ఫోన్ పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్పబోతే సగంలో ఏడుస్తాను, నువ్వు "గమ్మునుండు పాపా" అని పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదువుతావు.

ఈ ఉద్యోగంలో చేరినప్పుడు కెమెరాల కంపెనీ అని చెప్పాను. "చేన్లకు మందు కొట్టే డ్రోనేనా?" అని వదిన అడిగితే అట్లాంటిదే అన్నాను. అట్లాంటిది కాదు. ఇది సైన్యం కోసం తయారుచేసే మనిషి లేని విమానం. కంపెనీ పేరూ విమానం పేరూ రాయను, రాయనని సంతకం పెట్టాను. చూడడానికి పొడుగాటి రెక్కలు, సన్నటి ఒళ్ళు, వెనకవైపు ఒక పంకా. ఒకసారి పైకి లేస్తే ఒక పగలూ ఒక రాత్రీ దిగదు. అంత ఎత్తులో ఉంటే కింద ఉన్నవాళ్ళకు కనపడదు, శబ్దమూ వినపడదు. దాని పొట్ట కింద కెమెరా ఉంటుంది. రెక్కల కింద క్షిపణులు తగిలించే కొక్కేలు ఉంటాయి. నడిపేవాళ్ళు ఎక్కడో ఊరవతల గదిలో, ఏసీ కింద స్వెట్టర్లు వేసుకుని కూర్చుంటారు.

డిప్లొమాలో నా మార్కులు చూసి నన్ను ఆ కెమెరా కుర్చీకి తీసుకున్నారు. నాతో పాటు ఇంకో అయిదుగురు. నేర్పేది వాయుసేనలో రిటైరైన పెద్దాయన, విజయనగరం వైపు మనిషి, మేమంతా సార్ అంటాం. మూడు నెలల నుంచి మా పని ఒకటే. పరీక్షలకు ఎగిరినప్పుడు తీసిన వీడియోలు చూడడం, కనపడిన ప్రతిదానికీ పేరు పెట్టడం. మనిషి, బండి, పశువు, గుంత, మూట. ఆ వీడియోలు ఎక్కడివో మాకు చెప్పరు. నాకు ఆ పని నచ్చింది అన్నా, అది కూడా దాచకుండా రాస్తున్నాను. అందరికంటే త్వరగా కనిపెట్టేదాన్ని. సార్ మెచ్చుకుంటే ఆ రోజంతా కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

పోయిన మంగళవారం మాకు ఆఖరి పరీక్ష పెట్టారు. అంతకు ముందు బుధవారం తీసిన వీడియో అది. విమానానికి ఆ రోజు ఆయుధమేమీ కట్టలేదు, ఉత్త కెమెరాతో ఎగిరింది. మాకు ఇచ్చిన కథ ఏమిటంటే, అది శత్రువులున్న ప్రాంతం అనుకోవాలి, సాయంత్రం సైన్యం బండ్లు ఆ మట్టిదారిన పోతాయి, దారిలో బాంబు పెట్టేవాణ్ణి ముందే కనిపెట్టాలి. కొట్టాలంటే ముగ్గురు ఒప్పుకోవాలి. కెమెరా చూసే నేను, పక్కన కూర్చుని నేను చెప్పింది సరిచూసే రేవతి, పైన సార్. రేవతి గుంటూరు అమ్మాయి, హాస్టల్లో నా గదిలోనే ఉంటుంది.

అది వేడిని పట్టే కెమెరా. అందులో రంగులుండవు. నేల బూడిదరంగు, మనుషులు తెల్లటి బొమ్మలు. ముఖం కనపడదు, మగో ఆడో కూడా తెలియదు. నాకు ఒక మట్టిదారి కనిపించింది, దాని కింద నీళ్ళు పోయే మోరీ, పక్కన పైరు, కొంచెం ఎడంగా ఒక చెట్టు. చెట్టు కింద బండి ఆపి ఉంది. ఒక మనిషి మోరీ దగ్గర వంగాడు. లోపలికి చెయ్యి పెట్టి ఒక సంచి లాగాడు. సంచిలోంచి పొడుగాటి నల్లటి గీత బయటికి వచ్చింది. నేను వెంటనే రాశాను: "ఒక మనిషి. వైరు. మోరీ."

వైరు అనే రాశాను అన్నా. ఆ మాట రాసిన చెయ్యి ఇదే.

దాదాపు నాలుగు గంటలు ఆ మనిషి వెంటే ఉన్నాను. వైరు పరుచుకుంటూ పైరులోకి పోయాడు. ఒకచోట చాలాసేపు కూర్చుని చేతులతో ఏదో చేశాడు. తరువాత గట్ల మీద అటూ ఇటూ తిరిగాడు. చుట్టూ చూస్తున్నాడు అని రాశాను. మధ్యాహ్నం ఇంకో మనిషి నడిచి వచ్చి చిన్న మూట ఇచ్చాడు. ఇద్దరూ చెట్టు కింద కూర్చున్నారు. సహచరుడు అని రాశాను.

సార్ వెనక నిలబడి అడిగాడు, "ఇప్పుడు కొడతావా? ఇద్దరూ ఒకేచోట ఉన్నారు."

నేను ఒక్క క్షణం ఆలోచించి, "వద్దు సార్. అనుమానం మొదటివాడి మీదే. రెండోవాడు పోయాక చూద్దాం" అన్నాను.

"బాగుందమ్మా, తొందరపడలేదు నువ్వు" అన్నాడు.

రెండో మనిషి ఖాళీ చేతులతో వెళ్ళిపోయాడు. కాసేపటికి మొదటి మనిషి వైరును చుట్టలు చుట్టుకుంటూ తిరిగి దారి మీదికి వచ్చాడు. ఎవరైనా వస్తున్నారేమోనని దారికి రెండు వైపులా చూశాడు. మోరీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆ చుట్టను లోపలికి తోయడం మొదలుపెట్టాడు.

"మోరీలో వైరు పెడుతున్నాడు, చుట్టుపక్కల ఎవరూ లేరు" అన్నాను. రేవతి సరే అంది. సార్ సరే అన్నాడు. తెర మీద గురి చూపే కూడిక గుర్తును అతని వీపు మీద నిలిపి పట్టుకున్నాను. చెయ్యి కదలకూడదు, కదిలితే మార్కులు పోతాయి. నా చెయ్యి కదల్లేదు. బొత్తాం నొక్కాను. కొన్ని సెకన్ల తరువాత తెర మీద తెల్లటి వలయం వేసి, "లక్ష్యం పూర్తయింది" అని చూపించారు. అది ఉత్త బొమ్మే, నిజం కాదు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆరుగురిలో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. నేను నవ్వుతున్నాను.

వీడియో ఆపడం ఎవరికీ గుర్తులేదు. వలయం చెరిగిపోయాక కింద అసలు బొమ్మ నడుస్తూనే ఉంది. నేను చంపిన మనిషి మోరీలోంచి వెనక్కి జరిగి లేచాడు. మోకాళ్ళు దులుపుకున్నాడు. చెట్టు దగ్గరికి పోయి బండి తీశాడు, అది మోపెడ్. స్టార్ట్ చెయ్యలేదు. హ్యాండిల్ పట్టుకుని దాని పక్కనే పరుగెత్తాడు, నాలుగడుగులు, అయిదు, ఆరు, ఇంజను తెల్లగా వెలిగింది, ఎగిరి కూర్చున్నాడు. కూర్చుని, వెనక ఎవరూ లేకపోయినా, తల తిప్పి వెనక సీటు వైపు చూశాడు.

అన్నా, మూడేళ్ళు. నంద్యాలలో డిప్లొమా చదివిన మూడేళ్ళూ ఆళ్లగడ్డ బస్టాండుకు నన్ను ఆ మోపెడ్ మీదే దించావు. నువ్వు పరుగెత్తేవాడివి, నేను వెనక నుంచి తోసేదాన్ని. అది అందుకోగానే నువ్వు ఎగిరి కూర్చునేవాడివి, నేను ఎగిరి ఎక్కేదాన్ని. వెంటనే తల తిప్పి, "ఎక్కినావా పాపా?" అనేవాడివి. ఆ తల తిప్పడం ఇంకెవరిదీ కాదు.

నేను లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి పడింది. "మా అన్న" అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. "అది మా అన్న, మా సుబ్బరాయుడన్న" అని అరిచాను. రేవతి నా భుజం పట్టుకుంటే తోసేశాను. తెర మీద మోపెడ్ దారి వెంట పోతోంది, కూడిక గుర్తు నేను వదిలిన చోటే మోరీ మీద ఉంది. అప్పుడు కనపడింది నాకు, అది మన మొక్కజొన్న చేను, అది మన చింతచెట్టు. అంతవరకూ ఎందుకు గుర్తుపట్టలేదని నువ్వు అడుగుతావు. మన చేనును పైనుంచి నేనెప్పుడు చూశాను అన్నా?

మా ఫోన్లు లోపలికి తేనివ్వరు, బయట పెట్టెల్లో పెట్టి తాళం వేస్తాం. బయటికి పరుగెత్తి పెట్టె తాళం తీశాను. నీకు ఫోన్ చేసింది అప్పుడే. అది వీడియో అనీ, నువ్వు అంతకు ముందు వారం క్షేమంగా ఇంటికి పోయావనీ నాకు తెలుసు. అయినా నువ్వు ఎత్తేదాకా ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఆ మాటలు నీకూ గుర్తుండే ఉంటాయి.

"అన్నా, పోయిన బుధవారం యాడుండావు?"

"యాడుంటా? చేన్లో నీళ్ళు కడతాంటి. ఏందీ, గొంతు అట్లుంది?"

"మోటరు వైరు మోరీ కింద పెట్టినావా?"

నువ్వు ఎవరికీ వినపడకుండా పక్కకు పోయినట్టున్నావు. తరువాత గొంతు తగ్గించి, "నీకెవురు చెప్పినారు పాపా? మీ వదినకు తప్ప ఎవురికీ తెల్దే. రాగి కోసమని పక్క చేన్లల్లో వైర్లన్నీ కోసకపోయినారు దొంగలు. అందుకే ఆడ దాచిపెడతాండా. ఎవురు చెప్పినారో పేరు చెప్పు, వాడే దొంగ" అన్నావు.

"ఎవురూ చెప్పలేదన్నా. కలొచ్చింది."

"కలా? మోరీ కనపడిందా కల్లో?" అని నవ్వావు. నువ్వు నవ్వుతుంటే నేను ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని విన్నాను.

అదీ అన్నా జరిగింది. నీకు ఏమీ కాలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట నాకు నేను రోజుకు ఎన్నిసార్లు చెప్పుకుంటున్నానో లెక్కలేదు. కానీ నోట్లో ముద్ద పెట్టుకుంటే మింగుడు పడడం లేదు. వేరే ఎవరో తెలియక పొరపాటు పడ్డారంటే ఒక దారి. వైరు అంటే నాకు తెలియదా? బోరు కింద పుట్టి పెరిగినదాన్ని. చిన్నప్పుడు ఆ వైరు చుట్టలు నువ్వు ఒక కొస పట్టుకుంటే నేను ఒక కొస పట్టుకుని మోశాను. నువ్వు చాలాసేపు కూర్చుని చేతులతో చేసింది స్టార్టర్ డబ్బాలో ఫ్యూజులు పెట్టడం. గట్ల మీద తిరిగింది నీళ్ళు మళ్ళించడానికి. ఆ కుర్చీలో కూర్చోగానే అవన్నీ నా తలలోంచి పోయాయి. బాంబు కోసం చూడమన్నారు, బాంబే చూశాను. ఇంకోటి కూడా రాయాలి. ఆ రెండో మనిషి వదిన. నీకు సద్ది తెచ్చింది. సార్ అడిగినప్పుడు నేను సరే అని ఉంటే ఇద్దరినీ కలిపి కొట్టేదాన్ని.

మరుసటి రోజు సార్ నన్ను పిలిచాడు. "అది పరీక్షమ్మా. నువ్వు మనసులో పెట్టుకోకు. ఆ దారిన విమానం పోవడానికి అనుమతులన్నీ ఉన్నాయి. కింద ఎవరికీ ఏ హానీ జరగలేదు" అన్నాడు.

"నిజంగా జరిగేటప్పుడు కూడా ఇట్లాగే కదా సార్ చూసేది?" అన్నాను.

"అందుకే కదా ముగ్గురు ఒప్పుకోవాలని పెట్టింది."

"ముగ్గురమూ ఒప్పుకున్నాం సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను ఒకటే అడిగాను, ఆ వీడియో ఇంకొకసారి అందరికీ వేయమని, ఈసారి నన్ను చెప్పనివ్వమని. ఒప్పుకోడనుకున్నాను, ఒప్పుకున్నాడు.

ఆ నాలుగు గంటలూ మళ్ళీ వేశారు. నేను తెర పక్కన నిలబడి చెప్పాను. ఇది మా అన్న. ఇది మోటరు వైరు, దొంగల భయంతో దాచుకుంటున్నాడు. ఇక్కడ మడవ తీసి నీళ్ళు మళ్ళిస్తున్నాడు. ఇప్పుడు వస్తున్నది మా వదిన, చేతిలోది సద్దిమూట. వెనక కూర్చున్న ఒక అబ్బాయి, "మూట ఇచ్చి వెళ్ళిపోకుండా ఆమె అంతసేపు ఎందుకు కూర్చుంది? మాకు అదే అనుమానం వచ్చింది" అన్నాడు. "ఆయన తినేదాకా కూర్చుంటుంది. కూర్చోకపోతే సగం తిని లేస్తాడు" అన్నాను. రేవతి ఏడ్చింది. అయిపోయాక సార్ నా మార్కుల కాగితం తీసుకుని రెండుగా చించాడు. "ఇన్నేళ్ళుగా ఈ పని నేర్పుతున్నాను. తెర మీద మనిషికి పేరు చెప్పినవాళ్ళు ఇంతవరకు ఎవరూ లేరమ్మా" అన్నాడు. ఆయన చెడ్డమనిషి కాదు అన్నా. అదే నాకు ఇంకా భయం.

అయినా కంపెనీవాళ్ళు నన్ను ఆ కుర్చీలోనే ఖాయం చేస్తామన్నారు. నాలాంటిదే అక్కడ కావాలట. రేవతి కూడా అదే మాట, "నువ్వు వదిలేస్తే వైరు సంగతి తెలియనివాళ్ళు వచ్చి కూర్చుంటారే. నువ్వుంటే ఇంకోసారి ఆపుతావు కదా" అని. రెండు రోజులు ఆ మాటే తల్లో తిరిగింది. అది తప్పు మాట కాదు. కానీ తెలిసిన నేనే కదా నొక్కింది? రేపు ఇంకో ఊళ్ళో, మన భాష కాని చోట, నాకు తెలియని పని చేసుకుంటున్న మనిషి కనపడితే నాకు ఏం తెలుస్తుంది? అతని చెల్లెలు నా పక్కన ఉండదు కదా.

శుక్రవారం రాజీనామా కాగితం ఇచ్చాను. నెల రోజులు ఉండాలి, ఈ నెల నన్ను తెర ముందు కూర్చోబెట్టవద్దని సార్ చెప్పి రాయించాడు, స్టోరులో సామాను చూసుకుంటున్నాను. లిఫ్టులు బాగుచేసే ఒక చిన్న కంపెనీలో పని దొరికింది. జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ. మంచి ఉద్యోగం వదిలింది అని ఊళ్ళో అంటారు, అననీ. నువ్వు కోప్పడతావేమో అదొక్కటే నాకు బెంగ. కోపం వస్తే ఫోన్ చేసి తిట్టు, పడతాను. నా గురించి మాత్రం దిగులు పడొద్దు. గది మారడం లేదు, రేవతి తోడుంది, వారం గడిస్తే తిండి కూడా సర్దుకుంటుంది.

అమ్మకు ఇది చదివి వినిపించొద్దు. లిఫ్టుల కంపెనీకి మారానని మాత్రం చెప్పు. వదినకు నువ్వే మెల్లగా చెప్పు, ఆమె కాళ్ళు పట్టుకున్నానని చెప్పు. పెద్దనాయనకూ పెద్దమ్మకూ నా దండాలు. వైరు చోటు మార్చొద్దు అన్నా. దొంగల భయం ఉంటే మార్చు, నా ఉత్తరం చూసి మార్చొద్దు. చేన్లో పని చేసేటప్పుడు తలెత్తి పైకి చూసుకుంటూ ఉండొద్దు.

నువ్వూ వదినా నా తల మీద చెయ్యి పెట్టి మంచి మాట అనండి, ఇక్కడిదాకా అందుతుంది. ఇంకొక్కటి అడుగుతాను, కాదనొద్దు. నువ్వు ఉత్తరాలు రాయవని నాకు తెలుసు, ఈ ఒక్కటి రాయి. ఆ బుధవారం పొద్దున లేచిన దగ్గర నుంచి ఏమేం చేశావో రాయి. ఏ మడికి ముందు నీళ్ళు కట్టావు, వదిన సద్దిలో ఏం తెచ్చింది, చెట్టు కింద కూర్చుని ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారు. నేను నాలుగు గంటలు చూశాను అన్నా, నాకు ఒక్కటి కూడా తెలియదు.

నీ చెల్లెలు,
నాగలక్ష్మి